పచ్చగా ఉన్న వరస

మానవజాతి ఇంతవరకు సాగించిన హింసలన్నిటిలోనూ ఆకుకూర తరగడమంత నిశ్చింతగా జరిగేది మరొకటి లేదు. కత్తికి జాలి లేదు, చేతికి సందేహం లేదు, ఆకుకు నోరు లేదు. యుద్ధాలకు కారణాలు వెదికిన చరిత్రకారులూ, పాపపుణ్యాలకు తూకాలు కట్టిన ధర్మవేత్తలూ ఈ ఒక్క విషయంలో మౌనం వహించారు. బహుశా అప్పటికి భోజనానికి పిలుపు వచ్చి ఉంటుంది.

ఆ మౌనానికి ఎవరో ఒకరు జవాబు చెప్పుకోక తప్పదు. ఆ మధ్యాహ్నం ఆ పూచీ విదుషి నెత్తిన పడింది. విశ్వవిద్యాలయం నుంచి ఆలస్యంగా వచ్చి, చేతులు కడుక్కుని, పొయ్యి గట్టు మీది గిన్నె మూత తీసిందామె. తీసిన మూత తీసినట్టే చేతిలో ఉండిపోయింది.

గిన్నె అడుగున పచ్చటి మరక ఉంది. మరక తప్ప మరేమీ లేదు.

"ఇదేం కూర, అత్తయ్యా?"

"పాలకూర. నీకు కాస్త అట్టేపెడదామనే అనుకున్నాను. మావాడేమో రెండోసారి వడ్డించుకున్నాడు. పిచ్చుక మూడోసారి అడిగింది. మెతుకు ముట్టని పిల్ల నోరు తెరిచి అడిగితే లేదని ఎలా అనను?"

"బజార్లో కొన్నారా?"

"బజారెందుకే? మేడ మీద అంత ఏపుగా పెరిగి పాడైపోతుంటేనూ!"

మూత నేలమీద పడి, గుండ్రంగా తిరిగి తిరిగి, చివరికి ఎంతో శబ్దం చేసి పడుకుంది.

విదుషి అన్నది ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. పెళ్ళయి పిల్ల పుట్టాక వృక్షశాస్త్రంలో పరిశోధనకు చేరిన నాడు, బడిలో లెక్కలు చెప్పుకునే ఆమె భర్త వేళాకోళానికి తగిలించిన బిరుదు. బిరుదులకున్న దుర్గుణమే అది: వేళాకోళం అరిగిపోతుంది, బిరుదు మిగిలిపోతుంది. ఇప్పుడు పాలవాడు కూడా ఆమెను అలాగే పిలుస్తున్నాడు.

"ఆ కుండీలు తాకొద్దని చెప్పానా లేదా?" విదుషి గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది.

"తాకలేదు. కత్తెరతో కోశాను. కోసినవి కోసినట్టే జల్లెట్లో పడ్డాయి."

"అత్తయ్యా!"

"నువ్వు తాకొద్దన్నావు. కొయ్యొద్దని అనలేదు. నీ మాట జవదాటాననే మాట మాత్రం నేను పడను."

ఆవిడ ఆ ఇంటి శాసనాలను అక్షరాలా పాటించే మనిషి. పాలు పొంగనివ్వొద్దంటే పొంగనివ్వదు. మాడిపోతే అది వేరే సంగతి.

"ఆ కుండీల్లో ఏముందో తెలుసా మీకు?"

"మట్టి."

"ఆర్సెనిక్!"

అత్తగారు ఆ మాటను కొత్త చుట్టాన్ని చూసినట్టు చూసింది. "అంటే? ఎరువా?"

"విషం. పాత కథల్లో పాలల్లో కలిపేవాళ్ళు చూడండి, పాషాణం, అది!"

అత్తగారి చేతిలోని తుడుపుగుడ్డ మెల్లగా గట్టు మీదికి జారింది. ఆవిడ వంటగది గుమ్మంలోంచి ముందు గది వైపు చూసింది. అక్కడ చాప మీద పిచ్చుక ఒక పక్కకు ఒత్తిగిలి నిద్రపోతోంది. తిండి కొసరి కొసరి తింటుందని పెట్టిన ముద్దుపేరు. ఆ పూట మాత్రం కడుపునిండా తిన్నది.

విదుషి పరుగున వెళ్ళి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి వెచ్చగా తగిలింది. వేలు తీసింది. నమ్మకం చాలక మళ్ళీ పెట్టింది.

"ఎప్పుడు పడుకుంది?"

"రోజూ పడుకునే వేళకే." అత్తగారు చాప అంచున చతికిలబడింది. "కథ చెబుతూ తినిపించాను. రాజకుమారి ఒక ముద్ద, రాక్షసుడు ఒక ముద్ద... ఒసేయ్, విషమని ఎందుకు చెప్పలేదే నాకు?"

విదుషి పిల్ల గౌను అంచు సరిచేసింది.

"నిన్నే అడుగుతున్నాను. ప్రయోగమన్నావు. పరీక్షలన్నావు. మీ విశ్వవిద్యాలయంలో మొక్కలు పెంచే ఆ అద్దాల గది కప్పు బాగుచేసేదాకా ఓ మూల ఉంచుకుంటానన్నావు. విషమన్న మాట ఒక్కసారైనా నీ నోట వచ్చిందా?"

"చెబితే పెట్టనిచ్చేవారా?"

"పెట్టనిచ్చేదాన్ని కాదు!"

"అందుకే చెప్పలేదు."

"ఈ ఇంట్లోకి చెప్పులతో వస్తేనే ఊరుకోను నేను. నువ్వు విషం మోసుకొచ్చావు, మెట్లెక్కించావు, పైగా మేడ తలుపు నా చేతే తీయించావు!"

దీనికి వృక్షశాస్త్రంలో సమాధానం లేదు. మరే శాస్త్రంలోనూ లేదు.

గోల విని పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చాడు. సెలవు రోజు భోజనం తర్వాత మనిషికి కలిగే విశాలమైన శాంతి అతని ముఖం మీద ఉంది. సంగతి రెండు వాక్యాల్లో తెలిసింది. శాంతి ఒకటో వాక్యంలోనే పోయింది.

"అన్ని కుండీల్లోనూ ఉందా?"

"సగం వాటిల్లో. ఒక వరస మంచి మట్టి, ఒక వరస విషపు మట్టి."

"ఏ వరస?"

"నాకు తెలీదు."

"నీ మొక్కలు, నీ ప్రయోగం, నీకు తెలీదా?"

"తెలియకూడదండీ. అదే పద్ధతి."

నిజమే, అదే పద్ధతి. పరిశోధకుల లోకంలో ఒక కఠోర నియమం ఉంది: తెలిసినవాడు కొలవకూడదు, కొలిచేవాడికి తెలియకూడదు. ఏ మొక్క విషం తాగుతోందో ముందే తెలిస్తే, కొలిచే కన్ను తాను చూడదలచుకున్నదే చూస్తుందట. అందుచేత మట్టి కలిపే పని తోటి పరిశోధకుడైన మునిగారికి అప్పజెప్పారు. అతనే కలిపాడు, అతనే అంకెలు వేశాడు, అతనే నోరు కుట్టేసుకున్నాడు. విదుషి పని కుండీకి ఇంతని కొలగ్లాసుతో నీళ్ళు పోయడం, ఆకులు కొలవడం. రోజూ పొద్దున్నే, ఒక్క చుక్క ఎక్కువా తక్కువా కాకుండా, అర్చన చేసినంత భక్తిగా పోసింది. మనిషి తన అజ్ఞానాన్ని ఇంత శ్రద్ధగా కాపాడుకున్న సందర్భాలు లోకంలో అరుదు.

"సరే, అమ్మ కోసింది ఏ వరస? రెండూనా?"

ఆ ప్రశ్నకు జవాబు అత్తగారు చెప్పేలోపే విదుషి మెట్లెక్కుతోంది.

మేడ మీద ఎండ తెల్లగా కాస్తోంది. కుళాయి దగ్గర నుంచి పాములా పడి ఉన్న నీళ్ళ గొట్టం కాలికి చుట్టుకుని ఆమె తూలి, పిట్టగోడ పట్టుకుని నిలదొక్కుకుంది. తలెత్తి చూసింది.

రెండు వరసలు. గోడ వారగా ఉన్న దూరపు వరసలో మొక్కలు పాలిపోయి, సన్నగా, జబ్బు పడి లేచిన పిల్లల్లా ఉన్నాయి. వాటి మీద ఒక్క ఆకూ తెగలేదు. ఇవతలి వరస మాత్రం మొదళ్ళ దాకా గొరిగినట్టుంది. పొద్దున తాను కొలిచి వెళ్ళిన అరచేతి వెడల్పు ఆకులన్నీ మాయమై, ఖాళీ కాడలు నిటారుగా నిలబడి ఉన్నాయి.

పచ్చగా ఉన్న వరస.

విదుషి ఎండలో కాలుతున్న గచ్చు మీదే కూలబడింది.

ఆ వరస ఏదైనా కావచ్చు గాని, అది మాత్రం కాకూడదు. ఎందుకంటే పోయిన వారం శాఖ సమావేశంలో నిలబడి ఆమె లోకానికి వెల్లడించిన సిద్ధాంతమంతా ఆ వరస మీదే నిలిచి ఉంది. ఈ రకం పాలకూర విషం చూసి బెదరదు. దాన్ని మట్టిలోంచి లాగి ఆకుల్లో దాచుకుని, ఆ బలంతో మరింత ఏపుగా పెరుగుతుంది. కాబట్టి పచ్చగా ఉన్న వరసే విషపు వరస. పాడైపోయిన పొలాలను శుభ్రం చేయగల మొక్క దొరికిందని ఆమెకు మార్గదర్శకులైన ఆచార్యులవారు బల్ల చరిచి మరీ చప్పట్లు కొట్టారు. రేపు విశ్వవిద్యాలయం పెద్దల సంఘం ముందు మళ్ళీ చెప్పాలి. రేపు, ఆ సంఘం ఎదుట, మునిగారు తన రహస్యం విప్పుతాడు, విదుషి సిద్ధాంతానికి పట్టాభిషేకం జరుగుతుంది.

ఆ పట్టాభిషేకానికి వండిన భోజనం, ఒకరోజు ముందుగా, ఇంటిల్లిపాదీ తినేశారు.

కిందికి వచ్చేసరికి లెక్కల మాస్టారు చేతివేళ్ళు ముడుస్తూ తెరుస్తూ వాటి వంకే చూసుకుంటున్నాడు.

"చివర్లు చిమచిమలాడుతున్నాయి."

"ఎప్పటినుంచి?"

"నువ్వు చెప్పినప్పటినుంచి."

"నాకూ కడుపులో తిప్పుతోంది," అంది అత్తగారు. "ఇందాకటి దాకా బాగానే ఉన్నాను. పాషాణమని విన్నాకే మొదలైంది."

"విన్నందుకే వచ్చేస్తుందా అమ్మా?"

"నీ వేళ్ళకి వచ్చింది కదరా!"

మరో రోజైతే విదుషి నవ్వేది. నవ్వు వచ్చే చోట ఇప్పుడు గడ్డకట్టిన మంచు ముద్దేదో ఉంది. మాస్టారు భార్య ముఖం చూసి లెక్కలోకి దిగాడు; భయమేసినప్పుడు అతనికి దొరికే ఆసరా అదొక్కటే.

"రెండు వరసలు. అమ్మ కోసింది ఒకటి. అంటే సగానికి సగం అవకాశం. అంతేగా?"

"కాదండీ."

"మరి?"

"అత్తయ్య కోసింది పచ్చటి వరస. నా సిద్ధాంతం ప్రకారం..." ఆమె పిల్ల వంక చూసింది. "నా సిద్ధాంతం ప్రకారం సందేహమే లేదు."

"నీ సిద్ధాంతం తప్పయితే?"

"అయితే మనం బతికిపోయినట్టే."

ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. గోడ అవతల ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు నింపాదిగా వినిపిస్తోంది.

అత్తగారు లేచి వచ్చి కోడలి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మాయ్, నువ్వు ఈ ఇంటికి వచ్చినప్పటినుంచి నేను నిన్ను ఏమీ అడగలేదు."

"అబ్బే, అడక్కేం," అన్నాడు కొడుకు.

"నువ్వుండరా. ఏమీ అడగలేదు. ఇవాళ అడుగుతున్నాను. ఈ ఒక్కసారికి నీదే తప్పని ఒప్పుకో తల్లీ!"

"నేను ఒప్పుకుంటే విషం పోతుందా అత్తయ్యా?"

"ఏమో, ఒప్పుకుని చూడరాదూ? మొండితనానికి పోతావెందుకు?"

విదుషి కళ్ళు మూసుకుని మనసారా కోరుకుంది. నేను తప్పు కావాలి. నేను కొలిచినవన్నీ తప్పు కావాలి. నా కష్టమంతా గంగపాలు కావాలి. ఇంత నిజాయితీగా ఆమె ఇంతవరకు దేన్నీ కోరుకోలేదు. అయితే ఆ కోరిక అడుగున, చాలా అడుగున, ఒక చిన్న గొంతు పెదవి విరిచింది: ఇంత చక్కగా కుదిరిన ఫలితం తప్పెలా అవుతుంది?

ఆ గొంతు తనదేనని గుర్తుపట్టగానే ఆమెకు విషం కన్నా ఎక్కువ భయమేసింది.

వీధి చివర ఆసుపత్రిలోని డాక్టరమ్మకు ఫోను చేశారు. ఆవిడ తిట్టలేదు, తిట్టి ఉంటే కొంత నయంగా ఉండేది.

"అందర్నీ తీసుకురండి. మొదట పాపని. ఆ గిన్నె కడక్కండి, పట్రండి. రక్తం తీస్తాను కానీ ఫలితం రేపటికి గాని రాదు. విరుగుడు మందు ఉంది. అదీ మామూలు మందు కాదమ్మా, చిన్నపిల్లకి ఊరికే అనుమానం మీద ఎక్కించలేను. వాళ్ళు తిన్నదాంట్లో ఉందా, లేదా? అది తెలిసిన మనిషి ఎవరైనా ఉంటే ముందు కనుక్కోండి."

మాస్టారు చొక్కా తిరగేసి తొడుక్కుని బండి కోసం వీధిలోకి పరుగెత్తాడు.

తెలిసిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడితోనే విదుషి పోయిన వారం మాటలు మానేసింది.

సమావేశంలో ఆమె ప్రసంగం అయ్యాక, చప్పట్ల మధ్య మునిగారు చెయ్యెత్తాడు. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు గనక అతనికి ఆ పేరు. ఆ రోజు, "ఇంకొక్కసారి చూసుకుంటే మంచిదేమో..." అన్నాడు. అంతే, అందరి ముందూ విదుషి అతని మీద పడింది: "ఇన్నాళ్ళూ లేని నోరు ఇప్పుడెలా వచ్చిందండీ? అసూయ తెప్పించిందా?" అతను చెయ్యి దించేశాడు. ఆ ఏటికి తన వంతు మాటలు అయిపోయినట్టు, మళ్ళీ పెదవి విప్పలేదు.

ఆమె ఫోను తీసింది. చాలాసేపు మోగాక పలికాడు.

"నేను... ఒక్క విషయం చెప్పండి. విషం కలిపింది ఏ వరసలో?"

ఆమె రెండో చెవి అరచేత్తో మూసుకుంది.

"మిమ్మల్నే. ఒక్క మాట చాలు. ఇవతలిదా, అవతలిదా?"

"చెప్పకూడదు కదండీ," అన్నాడు మునిగారు మెల్లగా. "రేపు సంఘం ముందే విప్పాలి. ఆచార్యులవారు ఒట్టు వేయించుకున్నారు."

పిల్ల తిన్నదని చెబితే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చెబితే కుండీలు ఇంట్లో ఎలా వదిలేశావని అడుగుతారు, ప్రయోగం ఆపేస్తారు, చదువు అక్కడితో సరి. గుండె ఒక పక్క పిల్ల కోసం కొట్టుకుంటుంటే, మరో పక్క ఇంకా పట్టా కోసం కొట్టుకుంటున్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది.

"మునిగారూ, బతిమాలుకుంటున్నాను..."

"ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టండి," అన్నాడతను. ఆ గొంతులో ఏదో వణుకు ఉంది. "రేపు... రేపు ఎలాగూ అంతా తెలుస్తుంది."

ఫోను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే తీయలేదు.

"రేపు అంతా తెలుస్తుందంటే ఏమిటి అర్థం?" విదుషి తనలో తాను అనుకున్నది పైకే వచ్చింది. "ఎందుకు వణికాడు?"

చాప మీద పిచ్చుక నిద్రలో మూలిగి, కాళ్ళు ముడుచుకుంది. తల్లి ఒక్క ఉదుటున అక్కడికి చేరింది. నుదురు చల్లగా చెమట పట్టి ఉంది. గదిలో పంకా ఆగి ఉందని ఆమెకు తట్టలేదు.

"అత్తయ్యా, పిల్లకి చెమటలు పడుతున్నాయి! పిచ్చుకా! పిచ్చుకా, లేమ్మా!"

పిల్ల లేవలేదు. మధ్యాహ్నం నిద్రలో ఉన్న పిల్లలు ఎన్నడూ లేవరు. కాని ఆ మాట ఆ ఘడియలో చెప్పి ఒప్పించగల మనిషి ఆ ఇంట్లో లేడు.

అత్తగారు కోడలి చేతిలోంచి ఫోను లాక్కుంది. తన ఫోను తీసి, ఆ అంకెలు ఒక్కొక్కటే చూసి నొక్కి, కోడలి ఫోను ఆమె చేతిలో పెట్టేసింది. కొత్త నంబరు గనక అవతల పలికారు.

"బాబూ, నేను ఆ అమ్మాయి అత్తని. ఇందాక అది సరిగ్గా చెప్పి ఉండదు. దానికి పొగరు తప్ప భయం చూపించడం రాదు. నేను చెబుతున్నాను విను. మేడ మీది మీ ఆకు కోసి కూర వండాను. నా కొడుకు తిన్నాడు, నేను తిన్నాను, మా పసిపిల్ల కడుపునిండా తిన్నది. ఇప్పుడు చెప్పు నాయనా. చెప్పకూడదంటే నీ ఒట్టు నా మీద వేసుకుంటాను."

అవతల ఏదో కింద పడి పగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత మాటలు. చాలా మాటలు. మునిగారు అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడగలడని లోకానికి అంతవరకు తెలియదు.

అత్తగారు వింటూ నిలబడింది. ఆవిడ ముఖంలో రంగు వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది.

"ఏమంటున్నాడు?"

"ఏమీ లేదంటున్నాడు."

"ఆ వరసలో లేదా?"

"ఏ వరసలోనూ లేదట."

"అబద్ధం!" విదుషి కేక వేసింది. "ఉంది! ఉండి తీరాలి! నేను కొలిచాను! మనకి ధైర్యం చెప్పడానికి అంటున్నాడు. లేకపోతే రేపు తన మీదికి వస్తుందని తప్పించుకుంటున్నాడు..."

"ఒసేయ్, లేదంటుంటే ఉందని నువ్వు పోట్లాడతావేంటే?" అత్తగారికి మొదటిసారి ఏడుపు వచ్చింది. "ఉండాలనా నీ కోరిక?"

ఆ మాట గదిలో ఉండిపోయింది. ఇద్దరిలో ఎవరూ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

బయట బండి హారను మోగింది. మాస్టారు గుమ్మంలోంచి, "రండి, రండి!" అని అరుస్తున్నాడు. విదుషి పిల్లను భుజాన వేసుకుంది. నిద్ర బరువుతో ఆ చిన్న తల మెడ మీద వేలాడింది. అత్తగారు పచ్చటి మరక ఉన్న గిన్నెను, రాజముద్ర ఉన్న పెట్టెను మోసినట్టు రెండు చేతులతో పట్టుకుంది. అంత గంభీరంగా ఆ ఇంటి నుంచి ఏ ఊరేగింపూ బయలుదేరి ఉండదు.

వాకిట్లోనే మునిగారు ఎదురయ్యాడు. అతను ఉండేది రెండు వీధుల అవతలే. సైకిలు స్టాండు కూడా వేయకుండా గోడకు పడేశాడు. చంకలో పాత వార్తాపత్రికలో చుట్టిన పొట్లం ఉంది. మాట్లాడబోయి, మాట రాక, ఆ పొట్లం విప్పి అరుగు మీద పెట్టాడు.

గోధుమరంగు సీసా. పుర్రె గుర్తు. నిండా తెల్లటి పొడి. మూత చుట్టూ తయారుచేసినవాళ్ళు వేసిన లక్క ముద్ర చెక్కుచెదరకుండా ఉంది.

"స్టోరులో మన శాఖకి ఇచ్చింది ఇదొక్కటేనండీ," అన్నాడు. "ఆచార్యులవారు సంతకం చేశారు, నేను తెచ్చుకున్నాను. మట్టి సిద్ధం చేసుకుని మూత తీయబోతుంటే మీరొచ్చారు. అద్దాల గది కప్పు పోయింది, కుండీలు మీ మేడ మీద పెట్టుకుంటానన్నారు. మీ ఇంట్లో చిన్నపాప ఉందని నాకు తెలుసు. ఓసారి మీతో ల్యాబుకి వచ్చింది. నా బల్ల మీద కూర్చుని నా బిస్కెట్లన్నీ తినేసింది."

అతను ఊపిరి పీల్చుకున్నాడు.

"నాకు చేతులు ఆడలేదు. మామూలు మట్టే నింపాను. రెండు వరసలకీ. కప్పు బాగయ్యాక మళ్ళీ మొదలుపెడదామని చెప్పొచ్చనుకున్నాను. ఈలోపు మీరు ఫలితం కనిపెట్టేశారు."

హారను మళ్ళీ మోగింది.

"పోయిన వారం అదే చెప్పబోయాను," అన్నాడు మునిగారు, నేల వంక చూస్తూ. "మీరు అసూయ అన్నారు. రేపు సంఘం ముందు ఎలాగూ చెప్పాలని రోజూ చచ్చిపోతున్నాను. కానీ పాప తిన్నదని ఇందాక మీరు చెప్పి ఉంటే..."

మాస్టారు సీసాను తిప్పి తిప్పి చూసి, డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పాడు. ఆవిడ ముద్ర సంగతి రెండుసార్లు అడిగి, విరుగుడు అక్కర్లేదని, అయినా సాయంత్రం ఒకసారి వచ్చి అందరూ రక్తం ఇచ్చి వెళ్ళమని అంది. అతను బండివాణ్ణి పంపేసి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. కూర్చుని, వేళ్ళు ముడిచి తెరిచి చూసుకున్నాడు. చిమచిమ ఎప్పుడు పోయిందో అతనికే తెలియదు.

అత్తగారు గిన్నెను పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని, చెంగుతో ముఖం కప్పుకుని గట్టిగా ఏడ్చింది. ఆ చప్పుడుకు పిచ్చుక కళ్ళు తెరిచి, తల్లి భుజం మీద నుంచి ఆ గిన్నె వంక చూసింది.

"నానమ్మా, ఆ కూర ఇంకా ఉందా?"

విదుషి పిల్లను ఎముకలు నలిగేంత గట్టిగా హత్తుకుంది. భయం తగ్గుతున్న కొద్దీ, దాని వెనకే మరొకటి, చల్లగా, తీరిగ్గా, మెట్టు మెట్టుగా ఎక్కి వస్తోంది.

రెండు వరసల్లోనూ ఒకటే మట్టి. ఒకే విత్తనం. ఒకే ఎండ. ఒక్క చుక్క తేడా లేకుండా తాను పోసిన నీళ్ళు. అయినా ఒక వరస రాజకుమారి, ఒక వరస రోగిష్టి. కొలతలు అబద్ధం చెప్పలేదు. ఆకులు నిజంగానే అరచేతులంత ఉన్నాయి, ఇంటిల్లిపాదీ తిన్నారు.

అప్పుడే ఆమె చేతిలో ఫోను మోగింది. ఆచార్యులవారు. రేపటి సంఘానికి పొరుగు విశ్వవిద్యాలయం పెద్దలను కూడా పిలుస్తానని పొద్దున అన్నారు. పిలిచే ఉంటారు.

ఆమె ఫోను ఎత్తలేదు. మునిగారి వైపు తిరిగింది. "విషం లేకపోతే, మరి ఆ వరస అంత పచ్చగా ఎందుకుంది?"

"నాకూ అదే అర్థం కాలేదండీ," అన్నాడతను. "నిజంగా కొత్త విషయమేమో అని నాకే అనుమానం వచ్చింది. మట్టిలో ఏదో మనకి తెలియనిది..."

ఫోను మోగుతూనే ఉంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, విదుషి గుండెలో మరో మహా సిద్ధాంతం మొలకెత్తింది.

అత్తగారు చెంగుతో ముక్కు తుడుచుకుంది.

"దానికేముందే? పొద్దున నువ్వు గ్లాసుతో పోసే ఆ బొట్టు నీళ్ళు ఏ మూలకొస్తాయి? మధ్యాహ్నానికి తలలు వాల్చేస్తుంటే చూడలేక రోజూ నేనే పోసేదాన్ని. నువ్వు తాకొద్దన్నావని దగ్గరికి కూడా వెళ్ళలేదు. దూరం నుంచే, గొట్టంతో."

"రెండు వరసలకీనా, అత్తయ్యా?"

"అవతలి వరస దాకా గొట్టం అందదుగా."